జానెడు ఇటుక

పోయిన వేసవిలో మా బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అందరం వసారాలో చేరాం. ఆ ఇంటి అబ్బాయి సెరామిక్ టెక్నాలజీలో డిప్లొమా పూర్తి చేశాడు. సిమెంటు ఫ్యాక్టరీల్లో, ఉక్కు కర్మాగారాల్లో కొలుములు బాగుచేసే ఒక కంపెనీ వాడికి ఉద్యోగం ఇస్తామంది. ఆ కబురు వాడు చెబుతుండగానే మేనమామ అందుకున్నాడు. "బట్టీల్లో ఇటుకలు పేర్చడానికట్రా నిన్ను ఇంత చదివించింది? ఆ పనికి ఒరిస్సా కూలీలు లేరా? రేపు నీకు పిల్లనెవరిస్తారు?" కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అబ్బాయి తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్నది ఆ పనే. శుభకార్యం జరిగే ఇంట్లో వాదులాట ఎందుకని ఆ రోజు ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ మేనమామ ఒక్కడి మాటే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. కాలేజీలో పిల్లలకు దారి చూపించాల్సిన అయ్యవార్ల నోటా అదే మాట, సంబంధాలు కుదిర్చేవాళ్ళ నోటా అదే మాట. విప్పి చూస్తే అందులో నాలుగు నిందలున్నాయి. ఇది బుర్ర అక్కర్లేని పని అనేది మొదటిది. రేపు ఉండని పని అనేది రెండోది. ప్రాణం తీసే పని అనేది మూడోది. పరువూ జీతమూ లేని పని అనేది నాలుగోది. నాలుగింటికీ వరసగా జవాబు చెబుతాను. నిజమున్నచోట నిజమనే ఒప్పుకుంటాను.

బుర్ర అక్కర్లేదా?

ముందు ఆ పని ఎక్కడ జరుగుతుందో చూడండి. సూర్యాపేట జిల్లాలో మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు వెళ్ళినా, పల్నాడులో మాచర్ల, దాచేపల్లి వెళ్ళినా, తాండూరు, యర్రగుంట్ల, తాడిపత్రి ఎటు పోయినా రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఎత్తయిన టవరు పక్కన, కాస్త వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం. అదే కిల్న్. అరవై డెబ్బై మీటర్ల పొడవు, నాలుగైదు మీటర్ల అడ్డుకొలత. నిమిషానికి మూడు నుంచి ఐదు చుట్లు తిరుగుతుంది. సున్నపురాయి, మట్టి కలిపి నూరిన పొడి పై కొసన పడి, దిగువ కొసన ఉన్న మంట వైపు దొర్లుకుంటూ వస్తుంది. 1450 డిగ్రీల దగ్గర సిమెంటుకు మూల సరుకైన క్లింకర్ అవుతుంది. దాన్ని కాల్చే జ్వాల 2000 డిగ్రీల దాకా ఉంటుంది.

ఆ గొట్టం మామూలు ఉక్కు రేకుతో చేసింది. 500 డిగ్రీలు దాటిందంటే దాని బలం దాదాపు సగానికి దిగిపోతుంది. లోపల 1450 డిగ్రీల సరుకు. బయట ఆ ఉక్కు. రెండింటి మధ్యా ఉన్నదల్లా జానెడు ఇటుక. కొలిస్తే ఇరవై, ఇరవై రెండు సెంటీమీటర్లు. ఆ జానెడు ఇటుకను పేర్చడం, అరిగాక పీకి మళ్ళీ పేర్చడం మా వృత్తి.

ఇంటిగోడ కట్టినట్టే గదా అంటారు. ఇంటిగోడ నిలుచుని ఉంటుంది. ఇది తిరుగుతుంది. ఇంటిగోడలో ఇటుకల్ని సిమెంటు పట్టుకుంటుంది. ఇక్కడ ఇటుకను ఇటుకే పట్టుకోవాలి. గొట్టం లోపల ఒక చుట్టును వరస అంటాం. ఇటుక రకాన్ని బట్టి వరసకు నూరు నుంచి రెండు వందల ఇటుకలు పడతాయి. ప్రతి ఇటుకా ఉక్కు వైపు వెడల్పుగా, మంట వైపు సన్నగా ఉంటుంది. ఎక్కువ సన్నబడేదొకటి, తక్కువ సన్నబడేదొకటి, రెండు రకాలొస్తాయి. గొట్టం అడ్డుకొలతను బట్టి రెండింటినీ ఒక పాళ్ళలో కలిపి పేర్చాలి. పాళ్ళు ఒకవైపు తప్పితే మంట వైపు సందులు తెరుచుకుంటాయి. ఇంకోవైపు తప్పితే ఇటుక వీపు ఉక్కుకు ఆనదు. వదులుగా ఉన్న వరస గొట్టం తిరిగేటప్పుడు జారుతుంది, మెలి తిరుగుతుంది, చివరకు కూలుతుంది. కూలిన చోట ఉక్కు ఎర్రబడుతుంది. కిల్న్ ఆపాల్సిందే. రోజుకు 5000 టన్నుల క్లింకర్ చేసే కిల్న్ ఒక్క రోజు ఆగితే పోయేది లక్ష సిమెంటు బస్తాల బరువు.

వరస మూసే ఘట్టం చూస్తే బుర్ర అక్కర్లేదన్న మాట ఎవరి నోటా రాదు. కింది సగం చేత్తో పేరుస్తారు. పై సగాన్ని చట్రం మీదో జాకీల మీదో నిలబెడతారు. నడినెత్తిన రెండు మూడు ఇటుకల జాగా మిగులుతుంది. అప్పుడు మేస్త్రీ నిచ్చెనెక్కి ఆ జాగాను కొలుస్తాడు. ఏ మందం మూత ఇటుకలు ఎన్ని పడతాయో మనసులోనే లెక్క కడతాడు. వాటిని పక్కనుంచి జొనిపి, మిగిలిన సందులో షిమ్ ప్లేటు అనే పలచటి ఉక్కు రేకు కొట్టి బిగిస్తాడు. ఒకే సందులో రెండు రేకులు కొట్టకూడదు. మరీ బిగిస్తే వేడికి ఇటుకలు ఉబ్బినప్పుడు వాటి ముఖాలు పెచ్చులూడిపోతాయి. బిగింపు చాలకపోతే వరస జారుతుంది. ఆ మధ్యన ఎక్కడ ఆగాలో మేస్త్రీ మణికట్టుకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

నాకు పని నేర్పింది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. అప్పటికే ఆయన యాభై దాటినవాడు. లారీలోంచి ఇటుకలు దిగుతుంటే పక్కన గొంతుకు కూర్చుని చిన్న సుత్తితో ఒక్కోదాన్నీ తట్టి చూసేవాడు. "కంచు మోగినట్టు మోగాల బాబూ. పగులు కుండలాగ మోగిందంటే తీసి పక్కనెట్టీయాల" అనేవాడు. నా చెవికి రెండూ ఒకేలా వినిపించేవి. తేడా పట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒకసారి వానాకాలంలో వచ్చిన పెట్టెలను తట్టి, ఒక వరస మొత్తం పక్కన పెట్టించాడు. "ఇవి నీల్లు తాగేసాయి బాబూ" అన్నాడు. అవి మెగ్నీషియా ఇటుకలు. మెగ్నీషియాకు తడి తగిలితే హైడ్రాక్సైడుగా మారి ఉబ్బుతుందని, పైకి కనబడకుండా లోపల చీలుతుందని నేను డిప్లొమాలో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నేను చదివిన సంగతే ఆయన చెవిలో ఉంది. ఆ రోజు నుంచి ఆయన ముందు నిలబడి మాట్లాడేవాణ్ణి.

విశాఖ ఉక్కు కర్మాగారం సంగతి ఇంకొకటి. అక్కడ బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్లు ఏడు మీటర్ల ఎత్తున ఉంటాయి. బ్యాటరీ అనే ఒక్కో గుంపుకు 67 ఓవెన్లు. గోడలు సిలికా ఇటుకవి. సిలికా ఉబ్బవలసినదంతా చాలావరకు ఆరేడు వందల డిగ్రీల లోపే ఉబ్బేస్తుంది. ఆ పైన దాదాపు కదలదు. అందుకే ఇలాంటి కొత్త బ్యాటరీని వేడెక్కించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రోజుకు కొన్ని డిగ్రీలకు మించి పెంచరు. ఒకసారి వేడెక్కాక ఇక దశాబ్దాల తరబడి చల్లారనివ్వకూడదు. చల్లారితే గోడలు చీలిపోతాయి. మరి గోడకు పగులొస్తే? వేడి మీదే బాగుచేయాలి. వెండి రంగు కోటు తొడుక్కున్న మనిషి ఓవెన్ తలుపు దగ్గర నిలబడి పొడవాటి లాన్స్ గొట్టం లోపలికి పెడతాడు. దానిలోంచి ఆక్సిజన్‌తో పాటు సిలికా పొడి, సిలికాన్ పొడి పోతాయి. ఎర్రగా కాలుతున్న గోడను తాకగానే సిలికాన్ మండుతుంది. ఆ వేడికి పొడి కరిగి గోడలో కలిసిపోతుంది. దీన్ని సెరామిక్ వెల్డింగ్ అంటారు. నిమిషాల లెక్కన మనుషులు మారుతుంటారు. పగులు ఎంత లోతో, పొడి ఏ వేగంతో పోవాలో ఆ కొద్ది నిమిషాల్లోనే కంటితో చూసి తేల్చుకోవాలి.

ఈ నేల మీద ఈ విద్య కొత్తదీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. 1820ల్లో వాయ్సీ అనే ఇంగ్లీషు వైద్యుడు అక్కడి కొలుములను స్వయంగా చూసి రాసిపెట్టాడు. మన 'ఉక్కు' అనే మాటకు సోదరమైన మాటే ఇంగ్లీషులో 'వుట్జ్' అయిందని పండితులు చెబుతారు. ఆ ఉక్కు గురించి గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఉక్కును కరిగించిన మూసను ఎవరూ తలచుకోరు. ఆ ఉక్కు కరిగే వేడిలో గంటల తరబడి పగలకుండా, కారకుండా నిలిచిన మట్టి మూస అది. మట్టిలో వరి ఊక కలిపి చేసేవారు. ఊక మాడి బొగ్గుగా, సిలికాగా మిగిలి మూసకు బలమిచ్చేది. ఆ మూస నిలవకపోతే ఆ ఉక్కు లేదు, దాంతో చేసిన కత్తులు లేవు. ఊకలో ఉన్న గుణం కనిపెట్టిన ఆ చేతుల్ని బుర్ర లేనివి అనగలమా?

రేపు ఉండదా?

రెండో నింద కాస్త చదువుకున్నవాళ్ళది. బొగ్గు పోతోంది, హైడ్రోజన్ వస్తోంది, రోబోలు వస్తున్నాయి, మీ కొలుములు మూతపడతాయి అంటారు. 

ఇనుము కరిగే వేడి 1538 డిగ్రీలు. బొగ్గుతో కరిగించినా, కరెంటుతో కరిగించినా ఆ అంకె మారదు. సిమెంటు క్లింకర్‌కు 1450 డిగ్రీలు కావాలి. ఏ ఇంధనం మండించినా అదీ మారదు. ఆ వేడిని పట్టి ఉంచే పాత్రకు లోపల ఒక పొర ఉండాలి. ఆ పొర అరుగుతుంది. అరిగినదాన్ని బాగుచేసే మనిషి కావాలి. ఇంధనం మారితే పొరలో వాడే సరుకు మారుతుంది, పని మిగులుతుంది.

నిజానికి పని పెరుగుతుంది. విశాఖలో గోదావరి అని పేరు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది. మధ్యలో చిన్నా పెద్దా మరమ్మతులు చేస్తూ నడిపారు. ఇరవై ఏళ్ళు దాటాక పూర్తిగా ఆపి, లోపలంతా తీసి కొత్తగా కట్టారు. 3200 ఘనపు మీటర్ల కొలిమి 3800 అయింది. దాని చెల్లెలు కృష్ణకూ అదే జరిగింది. బ్లాస్ట్ ఫర్నేస్‌కు పెద్ద మరమ్మతు పదిహేను, ఇరవై ఏళ్ళకోసారి. అదే విద్యుత్ ఆర్క్ కొలిమి అయితే, ఒక విడత కరిగించి పోశాక మరో విడతకు ముందే అరిగిన చోట పూత కొట్టాలి. కరిగిన ఉక్కును మోసే ల్యాడిల్ లోపలి ఇటుకలు నూరు విడతల అటూ ఇటూ నిలిస్తే గొప్ప. పర్యావరణం కోసం బ్లాస్ట్ ఫర్నేసులు తగ్గి ఆర్క్ కొలుములు పెరిగితే మరమ్మతు చేసే మనిషికి తీరిక తగ్గుతుంది. ఆ మేనమామ ఇంట్లో నేల పలకలు, కిటికీ అద్దాలు, స్లాబులోని కడ్డీలు ఏ కాలంలోనైనా మంటలోంచే రావాలి.

దేశం సంగతి కూడా చూడండి. ఉక్కులోనూ సిమెంటులోనూ ప్రపంచంలో మనది రెండో స్థానం. 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల ఉత్పత్తి సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. టన్ను ఉక్కు తయారీలో సుమారు పది కిలోల రిఫ్రాక్టరీ (కొలిమి లోపలి వేడి తట్టుకునే సరుకు) అరిగిపోతుందని ఈ రంగంలో లెక్క. అరిగిన ప్రతి కిలోనూ ఎవరో ఒకరు తీసి కొత్తది పెట్టాలి.

యంత్రాలు రావని నేననను. వచ్చాయి, రావాలి కూడా. పాత ఇటుకలను పగలగొట్టడానికి దూరం నుంచి నడిపే యంత్రం వచ్చింది. నెత్తిన పెళ్ళలు పడే చోట మనిషి నిలబడే అవసరం తగ్గింది. కిల్న్ బయట స్కానర్ రాత్రింబవళ్ళు వేడిని చూస్తుంటుంది. ఎర్రబడ్డ చోటు ఎక్కడుందో అది చూపిస్తుంది. ఇప్పుడే ఆపాలా, ఫ్యాన్లు పెట్టి వారం నెట్టుకు రావాలా, ఆపితే ఎన్ని మీటర్లు పీకాలి అనేది చెప్పదు. అది ఇటుక ముక్కను చేతిలోకి తీసుకుని, లోపలికి ఉప్పు ఎంత దిగిందో, పగులు ఎటు పోయిందో చదవగలిగిన మనిషి తేల్చాలి.

ఈ పని సమాజానికి ఎంత దగ్గరో ఒక్క సంగతి చెబుతాను. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో అలలో సూరత్ శ్మశానాల్లో గ్యాస్ కొలుములు రాత్రింబవళ్ళు ఆగకుండా మండి, వాటి ఇనుప భాగాలు కరిగిపోయాయని పత్రికలు రాశాయి. అలాంటి కొలిమి మధ్యమధ్య చల్లారి, ఊపిరి పీల్చుకుని, పగులు పూడ్చుకోవాలి. మనిషిని కడసారి సాగనంపడానికి కూడా కొలిమి బాగుచేసేవాడు కావాలి. ఆ సమయంలో లోపలికి దూరి పనిచేసినవాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదు.

ప్రాణం మాట

మూడో నిందలో నిజముంది. దాన్ని దాచి ఈ వృత్తిని పొగిడితే నేను నా తోటివాళ్ళకు ద్రోహం చేసినట్టు.

సిలికా ఇటుక కోసినప్పుడు, పాత గోడ పగలగొట్టినప్పుడు లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో కూర్చుంటే సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే దాన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టారు. తెల్లగా దూదిలా ఉండే సెరామిక్ ఫైబరు కొత్తగా ఉన్నప్పుడు గుచ్చుకుంటుంది. ఏళ్ళ తరబడి కాలాక దానిలో కొంత క్రిస్టోబలైట్ అవుతుంది, అది కూడా సిలికాయే. పీకేటప్పుడు కొత్తదానికంటే ప్రమాదం. క్రోమ్ కలిసిన ఇటుకలు క్షారంతో కలిసి కాలితే మీద పసుపు పచ్చటి మరక వస్తుంది. అది విషపు క్రోమియం. ఒంటికి తగిలితే పుండ్లు, ఊపిరిలో పోతే క్యాన్సర్ ముప్పు. ఇవి కాక వేడి, ఎత్తు, పైనుంచి పడే పెళ్ళలు.

నా కళ్ళ ముందు జరిగింది ఒకటి చెప్పాలి. ఒక ఫ్యాక్టరీలో కాస్టబుల్ పోశాం. అంటే రిఫ్రాక్టరీ కాంక్రీటు. అందులో నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు ఆవిరై మెల్లగా బయటికి పోయేదాకా వేడిని గంటకు ఇన్ని డిగ్రీల చొప్పున, మధ్యలో ఆగుతూ పెంచాలి. కాగితం మీద రాసుకున్నది ముప్పై గంటలు. ఉత్పత్తి ఆలస్యమవుతోందని పైనుంచి ఒత్తిడి వచ్చింది. పదిహేను గంటల్లో ముగించమన్నారు. వద్దని చెప్పాను. చెప్పాల్సినంత గట్టిగా చెప్పలేదు. తెల్లవారుజామున రెండు దాటాక లోపల చిక్కుకున్న ఆవిరి ఒక్కసారిగా బద్దలైంది. తలుపు దగ్గరున్న పందొమ్మిదేళ్ళ హెల్పర్ భుజం మీద పెళ్ళ పడింది. ఎముక విరిగింది. వాడిది ఒరిస్సాలోని బొలాంగీర్. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని "సార్, నేనేం తప్పు చేశాను" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. నివేదికలో మాత్రం కూలీ అజాగ్రత్త అని రాశారు. ఆ రాత్రి తర్వాత వేడి పట్టిక మీద నేను సంతకం చేశాక దాన్ని తొందరపెట్టడానికి ఎవర్నీ ఒప్పుకోలేదు. రెండు ఉద్యోగాలు పోయాయి. పోయినందుకు విచారం లేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ పిల్లవాడి భుజం విరగడానికి కారణం వృత్తా, తొందరా? నీళ్ళు చల్లుతూ కోసే రంపం ఉంది. ధూళిని లాగేసే యంత్రం ఉంది. ముఖానికి సరిపోయే మాస్కు ఉంది. క్రోమ్ ఇటుకకు బదులు క్రోమ్ లేని స్పినెల్ ఇటుక ఎప్పుడో వచ్చింది. ఇవన్నీ పెట్టి, పనివాళ్ళకు ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించే చోట్లా పనిచేశాను. అక్కడ నాతో చేరినవాళ్ళు ఇవాళ్టికీ ఆరోగ్యంగా ఉన్నారు. తడిగుడ్డ మూతికి కట్టుకుని పని చేయించే చోట్లా పనిచేశాను. అక్కడి వాళ్ళలో కొందరు నాలుగు మెట్లు ఎక్కలేక ఆయాసపడుతున్నారు. వృత్తి ఒకటే. నడిపే తీరు వేరు. ప్రమాదముందని పనిని వదిలేయమనేవాళ్ళు మరి ఆ ధూళిని ఎవరు మింగాలంటున్నారు? "ఒరిస్సా కూలీలు లేరా" అన్న మాటకు అర్థం అదే. మన పిల్లల ఊపిరితిత్తులు ఖరీదైనవి, బొలాంగీర్ పిల్లలవి కావు అని. ఆ మాట అన్నవాళ్ళు దాన్ని ఒకసారి మనసులో తిప్పి చూసుకోవాలి.

పరువు మాట

నాలుగో నింద మిగిలింది. జీతం లేదు, పరువు లేదు. జీతం చాలామందికి చాలదన్నది నిజం. ఎందుకు చాలదో చూద్దాం.

షట్‌డౌన్ పని, అంటే ఫ్యాక్టరీ ఆపి చేసే మరమ్మతు, ఫ్యాక్టరీ నుంచి కాంట్రాక్టరుకు, ఆయన నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అక్కణ్ణుంచి కూలీలను తెచ్చే మేస్త్రీకి దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆగిపోతుంది. పదిహేను ఇరవై రోజులు పన్నెండేసి గంటలు పనిచేసి, తర్వాత ఇంకో ఫ్యాక్టరీ ఆగేదాకా ఎదురు చూడాలి. వెల్డర్‌కు పరీక్ష ఉంది. సిక్స్‌జీ అనే ఆ పరీక్ష పాసైనవాడు ఆ కాగితం చూపించి గల్ఫ్‌లోనైనా మంచి జీతం అడగగలడు. కిల్న్ వరస మూయడంలో నలభై ఏళ్ళు ఆరితేరిన మేస్త్రీ దగ్గర చూపించడానికి సాధారణంగా ఒక్క కాగితమూ ఉండదు. ప్రతి కొత్త చోటా మొదటి రోజు కూలీగానే లెక్క.

ఇది ఎందుకిలా ఉంది? ఇది బుర్ర అక్కర్లేని పని అని అందరం నమ్మాం గనుక. నైపుణ్యం లేదనుకున్న పనికి పరీక్ష పెట్టరు. పరీక్ష లేనిదానికి కాగితం లేదు. కాగితం లేనిదానికి బేరమాడే బలం లేదు. బలం లేనివాడికి జీతం లేదు. జీతం లేదు గనుక చదువుకున్న పిల్లలు రారు. వాళ్ళు రాలేదు గనుక పని కూలిపనిగానే మిగులుతుంది. ఆ వసారాలో ఊగిన తలలు ఈ గొలుసులో మొదటి లంకె. పరువు లేదని తీర్పు చెప్పినవాళ్ళే పరువు పోవడానికి కారణం.

పైకి పోయే దారి లేదని కూడా ఎవరూ అనక్కర్లేదు. నెల్లూరు ప్రాంతంలో గూడూరులో సెరామిక్ టెక్నాలజీకి ప్రత్యేకంగా ప్రభుత్వ డిప్లొమా సంస్థ ఉంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సెరామిక్ చదువు 1924 నుంచి ఉంది. రూర్కెలా ఎన్ఐటీలో బీటెక్ ఉంది. కలకత్తాలో కేంద్ర గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ 1950 నుంచి పనిచేస్తోంది. మేస్త్రీ చెవినీ ఈ చదువునూ ఒక్క మనిషిలో కలిపితే అతని కోసం ఏ కర్మాగారమైనా ఎదురు చూస్తుంది. నేను చూసిన మంచి రిఫ్రాక్టరీ ఇంజనీర్లలో నిచ్చెనెక్కి వరస మూయడం రానివాడు ఒక్కడూ లేడు.

కర్మాగారాల యాజమాన్యాలను, ప్రభుత్వాలను నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఐటీఐల్లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లతో సమానంగా కొలిమి మేస్త్రీ పని నేర్పండి. ఇప్పటికే పని వచ్చినవాళ్ళకు పరీక్ష పెట్టి కాగితం ఇవ్వండి. ఏ కొలిమిలో ఎన్ని వరసలు మూశాడో రాసే పుస్తకం ఒకటి చేతికివ్వండి. కూలి నేరుగా పనివాడి ఖాతాలో వేయండి. గాలిలో ధూళి కొలిచి ఆ అంకెను గేటు దగ్గర బోర్డు మీద రాయండి. వేడి పెంచే పట్టికను ఎవరూ చెరపలేని కాగితంగా చేయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడికి ఇలాంటి ఉద్యోగం వస్తే "బట్టీ పనా" అని కొట్టిపారేయకండి. ఆ కంపెనీని నాలుగు ప్రశ్నలు అడగండి. ఇటుక తడిపి కోస్తారా, పొడిగా కోస్తారా? ఏటా ఛాతీ పరీక్ష చేయిస్తారా? షట్‌డౌన్ లేని నెలల్లో జీతం ఇస్తారా? మొదటి రెండేళ్ళు మంచి మేస్త్రీ పక్కన నిలబెట్టి పని నేర్పిస్తారా? జవాబులు సరిగా ఉంటే గర్వంగా పంపండి. సరిగా లేకపోతే ఆ కంపెనీకి పంపకండి, అంతే. వృత్తిని నిందించకండి.

అబ్బాయికి మొన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు విన్నాడు. నిర్ణయం వాడిది, నేను ఒత్తిడి చేయను. ఒక్కటి మాత్రం వాడికి చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. నాకు పని నేర్పిన శ్రీకాకుళం మేస్త్రీ చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేకుండా పని మానుకున్నాడు. ఆఖరి షట్‌డౌన్‌లో ఆయన మంట దగ్గర పదిహేను మీటర్లు పేర్చాడు. ఐదు వరసలకు ఒక మీటరు. మొత్తం డెబ్బై అయిదు వరసలు. కిల్న్ పదకొండు నెలలు తిరిగింది. మళ్ళీ ఆపి లోపలికి వెళ్ళి చూశాం. ఒక్క వరసా జారలేదు.